మూడు గళ్ళ పింఛను
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భోజనానికి ముందు ఉపన్యాసం ఇవ్వడం ఎంత ప్రమాదమో ముప్ఫై ఆరేళ్ళు కచేరీలో పనిచేసినవాడికి ఒకరు చెప్పనక్కరలేదు. పెద్ద విషయాలన్నీ ఇందాకే అయిపోయాయి. కరువు భత్యం గురించి కోశాధికారిగారు చెప్పారు. వైద్యఖర్చుల బిల్లుల గురించి కార్యదర్శిగారు చెప్పారు. నన్ను మాత్రం "ఏదైనా సరదాగా మాట్లాడండి, ఎవరికీ రక్తపోటు పెరగకుండా" అన్నారు. నాకు తెలిసిన సరదాలు రెండే. ఒకటి మాటల పుట్టుపూర్వోత్తరాలు వెతకడం, రెండోది పేపర్లో గళ్ళ నుడికట్టు పూరించడం. ఈ రెండింటికీ ఖర్చు లేదు, పథ్యం లేదు. అందుకని వాటి గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

ముందు మన పేరుతోనే మొదలుపెడదాం. మనల్ని 'విశ్రాంత ఉద్యోగులు' అంటారు. శ్రాంతం అంటే అలసిపోయినది. దానికి ముందు 'వి' చేరితే అలసట తీరినది. కాగితం మీద మనం అలసట తీరినవాళ్ళం. నిజమో కాదో, ఉదయం పాలప్యాకెట్టుకీ, పదింటికి కరెంటు బిల్లుకీ, సాయంత్రం మనవణ్ణి బడి నుంచి తేవడానికీ వెళ్ళేది ఎవరో మన ఇళ్ళల్లో అడిగితే చెబుతారు.

ఇక పింఛను. ఇది ఇంగ్లీషు పెన్షనే, మన నోట్లో నలిగి మెత్తబడింది. దాని మూలం లాటిన్ భాషలో ఉంది. అక్కడ 'పెండెరె' అంటే తూచడం. లోహాన్ని తూచి బాకీ తీర్చిన కాలంలో తూచడమన్నా చెల్లించడమన్నా ఒకటే. అందులోంచే చెల్లింపు అనే అర్థంలో పెన్షన్ పుట్టింది. ఏటా మనం ఇచ్చే జీవన ప్రమాణ పత్రంలో 'ప్రమాణం' ఉంది చూశారూ, అది సంస్కృతం. అందులో ఉన్న 'మా' ధాతువుకి కొలవడం అని అర్థం. అంటే వాళ్ళు తూచి ఇస్తారు, మనం కొలిచి చూపించుకోవాలి. 2014 నవంబరులో కేంద్ర ప్రభుత్వం 'జీవన్ ప్రమాణ్' అని డిజిటల్ పద్ధతి తెచ్చింది. వేలిముద్ర పడితే బతికి ఉన్నట్టు లెక్క. ఫైళ్ళు తిరగేసి తిరగేసి అరిగిపోయిన వేళ్ళు మనవి. ఒక్కోసారి మిషను నమ్మదు, మనమే దానికి నచ్చజెప్పాలి.

జీతం మాటకొస్తే, 'జీవితం' అన్న సంస్కృత పదమే అరిగి జీతమయిందని పండితులు చెబుతారు. మధ్యలో ఉన్న 'వి' ఎగిరిపోయింది. ఆ 'వి' ఎక్కడికి పోయిందా అని నేను చాలాకాలం ఆలోచించాను. ఉద్యోగం అయ్యాక వచ్చి 'విశ్రాంతి'లో చేరిందని తేల్చుకున్నాను. ఇది వ్యాకరణం కాదు సుమండీ, నా సొంత పైత్యం.

మనం పనిచేసిన కచేరీ ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. కుర్చీ అరబ్బీ మాట. మేజా పారశీకం. కలం అరబ్బీ నుంచి వచ్చింది, అంతకుముందు గ్రీకులో రెల్లుపుల్ల. కాగితం పారశీకపు 'కాగజ్'. గుమాస్తా కూడా పారశీకమే, 'నియమించబడినవాడు' అని అర్థం. హాజరు పట్టీలో హాజరు అరబ్బీ. దస్తఖత్తులో 'దస్త్' అంటే చెయ్యి, 'ఖత్' అంటే రాత. జేబు కూడా అరబ్బీయే. ఒకటో తారీఖున తప్ప అందులో ఏమీ ఉండేది కాదు, అది వేరే సంగతి. ఇన్ని దేశాల సామాను మధ్య కూర్చున్నవాడొక్కడే తెలుగువాడు.

ఫైలు మాట ఇంకా బాగుంటుంది. లాటిన్‌లో 'ఫీలుమ్' అంటే దారం. వెనకటికి కాగితాలను దారానికో తీగకో గుచ్చి వరసగా దాచేవారట, అందుకని ఫైలు. మనం చేసిందీ అదే కదా! మూలన బొక్క పొడిచి, ట్యాగు దూర్చి, ముడి వేశాం. రెండు వేల ఏళ్ళు గడిచినా దారం మారలేదు. ఇప్పుడు కంప్యూటర్లో దారం లేని కాగితాన్ని కూడా ఫైలే అంటున్నారు. దారం పోయినా పేరు నిలిచింది.

రాజీనామా చూడండి. రాజీ అంటే ఒప్పుకోలు, నామా అంటే పత్రం. అసలు అది ఇద్దరూ ఒప్పుకుని రాసుకునే పత్రం. మన దగ్గరకొచ్చేసరికి ఉద్యోగం వదులుకునే కాగితమైంది. కోర్టుల్లో 'రాజీ' మాత్రం పాత అర్థంతోనే బతికి ఉంది. బాకీ, బకాయి ఒక్క కుటుంబమే. అరబ్బీలో 'మిగిలి ఉన్నది' అని అర్థం. వాటి గురించి ఈ సభలో నేను విడమరచి చెప్పాల్సిన అవసరం లేదు.

తహసీలు అంటే వసూలు, అది చేసేవాడు తహసీల్దారు. తాలూకా అంటే సంబంధించినది. "ఈ కుర్రాడు మా తాలూకు మనిషి" అంటామే, ఆ తాలూకూ ఈ తాలూకా ఒకే అరబ్బీ మాట బిడ్డలు. 1985లో మండలాలు వచ్చి తాలూకాలు పోయాయి. హైదరాబాదులో చదువుకుంటున్న మా మనవరాలు పాత రికార్డు కాగితం ఒకటి చూసి, "తాతయ్యా, ఈ తాలూకా ఎక్కడుంది?" అని అడిగింది. "కాగితంలో ఉందమ్మా" అన్నాను. అదే కాగితంలో ఫసలీ 1400 అని ఉంది. అంత పాతదా అని దాని కళ్ళు పెద్దవయ్యాయి. ఫసలీకి 590 కలుపుకోవాలనీ, అది 1990 జూలైలో మొదలై 1991 జూన్‌లో ముగిసిన పంట సంవత్సరమనీ చెప్పాను. ఫసల్ అంటే పంట. ఖరీఫ్ అంటే అరబ్బీలో శరత్కాలం, రబీ అంటే వసంతం. మన రైతు నోట్లో ఇవి ఎంత తెలుగైపోయాయో చూడండి, ఎవరూ అనుమానించరు.

జిల్లా అన్న మాటకి మూలార్థం ప్రక్క, ప్రక్కటెముక. మనిషికి ప్రక్కటెముకలు ఇరవై నాలుగు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి. అప్పటికి మనిషి కంటే రెండెక్కువ.

ఇవన్నీ నా తెలివి కాదు. మనందరికీ తెలిసిన బ్రౌను దొర, మన బందరులో కూడా ఉద్యోగం చేసినవాడు, తన పెద్ద నిఘంటువుతో సరిపెట్టుకోకుండా, తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలకి 1854లో విడిగా ఒక నిఘంటువు వేశాడు. కచేరీ కాగితాల్లో, అర్జీల్లో దొర్లే మాటలు చాలా అందులో దొరుకుతాయి. పండితులు ఇది తెలుగే కాదని పక్కన పెట్టిన మాటలను ఆయన ఏరి దాచాడు. గుమాస్తాల భాషకి కూడా ఒక నిఘంటువు ఉందని తెలిసిన రోజున నాకు ప్రమోషను వచ్చినంత సంతోషం కలిగింది.

కచేరీ వదిలి ఇంట్లోకి వద్దాం. బొత్తాము, తువ్వాలు, బాల్చీ, అల్మారా, అనాసపండు, ఇల్లు కట్టే మేస్త్రీ, ఇవన్నీ పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో వచ్చిన మాటలు. టీపాయి మీద టీ పెట్టుకుంటాం కాబట్టి ఆ పేరు వచ్చిందని చాలామంది అనుకుంటారు. దానికీ టీకీ సంబంధం లేదు. హిందీలో 'తిపాయి', అంటే మూడు కాళ్ళది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని తీసుకుపోయి, వాళ్ళ టీ వాసన పట్టించి తిరిగి మనకిచ్చారు. ఇప్పుడు దానికి నాలుగు కాళ్ళు. మూడు కాళ్ళ పేరుతో నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉంది పాపం.

మనం మాత్రం ఊరికే తీసుకోలేదు, ఇచ్చాం కూడా. ఇంగ్లీషు నిఘంటువులో 'బాండికూట్' అనే మాట ఉంది. అది మన పందికొక్కు. ఇంత ప్రాచీన భాష నుంచి ఇంగ్లీషుకి వెళ్ళినది పందికొక్కా అని మా ఆవిడ నవ్వింది. ధాన్యం కొట్లు ఉన్నచోట పందికొక్కు ఉంటుంది, కొట్లు ఉన్నచోటికే దొరలు వస్తారు. ముందు పరిచయమయింది అదే అయివుంటుంది.

ఇంతకీ ఈ మాటల పిచ్చి నాకెందుకు పట్టిందంటే, గళ్ళ వల్ల.

గళ్ళ నుడికట్టుకి వయసు పెద్దది కాదు. 1913 డిసెంబరు 21వ తేదీ ఆదివారం నాడు 'న్యూయార్క్ వరల్డ్' పత్రిక అనుబంధంలో ఆర్థర్ విన్ అనే ఆయన మొదటిది వేశాడు. ఆయన పుట్టింది ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో. ఆ గడి చతురస్రం కాదు, వజ్రం ఆకారంలో ఉండేది. ఆయన దానికి 'వర్డ్ క్రాస్' అని పేరు పెట్టాడు. తర్వాత అది తారుమారై 'క్రాస్ వర్డ్' అయింది. తిరగబడిన మాటలతో ఆడుకునే ఆటకి పేరే తిరగబడడం న్యాయంగానే ఉంది. 1924లో గళ్ళ పుస్తకం మొదటిది అమెరికాలో అచ్చయి అందరికీ పిచ్చి పట్టించింది. లండనులో 'టైమ్స్' పత్రిక 1930లో మొదలుపెట్టింది.

రెండో ప్రపంచయుద్ధంలో దీనివల్ల ఒక తమాషా జరిగింది. 1944లో లండను 'డైలీ టెలిగ్రాఫ్' గళ్ళలో యూటా, ఒమాహా, ఓవర్‌లార్డ్, మల్బరీ, నెప్ట్యూన్ అన్న మాటలు వరసగా కొద్ది వారాల్లో వచ్చాయి. అవన్నీ జూన్ 6న ఫ్రాన్సు తీరం మీద జరగబోయే దాడికి పెట్టుకున్న రహస్య సంకేతాలు. గూఢచారి శాఖవాళ్ళు పరుగున వచ్చి ఆ గళ్ళు కూర్చినాయన్ని ప్రశ్నించారు. ఆయన లెనార్డ్ డా అనే బడిపంతులు. పాపం ఆయనకేమీ తెలియదు. మాటలతో ఆడుకునేవాడు కూడా ఒక్కోసారి సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తుంది. మెమోలు అందుకున్న మనకి ఆయన కష్టం అర్థమవుతుంది.

మన దేశంలో అయితే గళ్ళ కోసం ఏకంగా ఒక చట్టమే ఉంది. 1950లలో గళ్ళ పోటీలకి పెద్ద పెద్ద బహుమతులు ప్రకటించేవారు. ఒక్కో ఆధారానికి రెండు మాటలు సరిపోయేవి. ఏది సరైనదో నిర్వాహకుల దగ్గర సీలు వేసిన కవరులో ఉండేది. అంటే తెలివి కాదు, జూదం. జీతాలు తగలేసుకున్నవారున్నారు. అందుకని 1955లో పార్లమెంటు బహుమతి పోటీల చట్టం చేసింది. నెలకి మొత్తం బహుమతుల విలువ వెయ్యి రూపాయలు దాటకూడదు, ఎంట్రీలు రెండు వేలు మించకూడదు, లైసెన్సు ఉండాలి, లెక్కలు చూపాలి. 1957లో సుప్రీంకోర్టు ఈ చట్టం అదృష్టం మీద నడిచే పోటీలకే గానీ, నిజంగా నేర్పు మీద నడిచేవాటికి వర్తించదని తేల్చింది. అంచేత నేర్పుతో గళ్ళు నింపేవారెవరూ భయపడనక్కరలేదు.

తెలుగులో దీన్ని పదబంధ ప్రహేళిక అన్నారు, గళ్ళ నుడికట్టు అన్నారు, గడినుడి అన్నారు. శ్రీశ్రీ, ఆరుద్ర అంతటి కవులు స్వయంగా కూర్చారు. ఆకారం అమెరికా నుంచి వచ్చినా అలవాటు మనకి పాతదే. దండి తన కావ్యాదర్శంలో ప్రహేళికలు పదహారు రకాలని చెప్పాడు. అవధానంలో న్యస్తాక్షరి ఉంది కదా, ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం రావాలని పృచ్ఛకుడు ముందే బిగిస్తాడు. అడ్డం మాటలో మూడో గడి నిలువు మాట వల్ల ముందే బిగిసిపోవడం అదే కదా? ఇక బోయవాడు "మరా మరా" అంటూ ఉంటే అది "రామ రామ" అయిందన్న కథ మనందరికీ తెలిసిందే. తిరగబడిన మాటతో తరించినవాడు ఆయనే మొదటివాడేమో.

ఇంగ్లీషు గడికీ తెలుగు గడికీ ఒక తేడా ఉంది. వాళ్ళు గడికో అక్షరం రాస్తారు, వాళ్ళకి ఉన్నవి ఇరవై ఆరే. మనం గుణింతం, ఒత్తు, సున్నతో సహా గడిలో పెడతాం. 'స్త్రీ' ఎంత బరువైనా ఒక్క గడిలో ఇమిడిపోతుంది. 'జ్యోత్స్న' రెండు గళ్ళు. కాబట్టి అడ్డమూ నిలువూ కలవాలంటే 'క' ఉంటే చాలదు, కి అయితే కి, కీ అయితే కీ కావాలి. ఇది కష్టం గనుక మన కూర్పరులు మాటను వెనకనుంచి రాయిస్తారు, తల కోస్తారు, తోక తీస్తారు, తడబడనిస్తారు. ఆధారంలో 'తిరగబడి', 'అటూఇటూ అయి', 'తలలేక' అని ఉంటే అది హెచ్చరిక. అన్నట్టు పెన్షన్ అని రాసినా మూడు గళ్ళే, పింఛను అని రాసినా మూడు గళ్ళే. ఎలా రాసినా పెరగదు.

మీకు నిద్ర పట్టకుండా నాలుగు ఆధారాలు ఇస్తాను. ఇవి నేనే కూర్చుకున్నవి.

మొదటిది: తల తీసేస్తే వేడెక్కే పట్నం, మూడు గళ్ళు. వెనక వరసలోంచి ఎవరో చెప్పారు, నగరం. 'న' తీసేస్తే గరం. మే నెలలో తల ఉన్నా గరమే.

రెండోది: జనవరిలో ఉంది, ఫిబ్రవరిలో ఉంది, మార్చిలో లేదు. పంట, రెండు గళ్ళు. వరి. రైతుబిడ్డలు ఎక్కువమంది ఉన్నారు గనుక వెంటనే వచ్చేసింది.

మూడోది: బడిపిల్లవాడి చేతిలోది తిరగేస్తే వడ్రంగి చేతిలో పడుతుంది, మూడు గళ్ళు. పలక. తిరగేస్తే కలప. పాత పలకలకి చుట్టూ ఉండేది కూడా కలప చట్రమే, గుర్తుందా?

నాలుగోది: భోజనం తర్వాత మనందరికీ వచ్చేది, ఎటునుంచి చదివినా ఒకటే, మూడు గళ్ళు. కునుకు. పులుపు, వలువ, టమాట, నటన, ఇవన్నీ ఆ జాతివే. ఇంటికెళ్ళి ఇంకో పది వెతకండి, సాయంత్రం గడిచిపోతుంది.

మా ఇంట్లో గడి పూరించేది నేనొక్కణ్ణే అనుకోకండి. రాసేది నేను, చెప్పేది మా ఆవిడ. ఆవిడ చదివింది ఏడో తరగతి. నాకు శబ్దరత్నాకరం బీరువాలో ఉంది, ఆవిడకి వంటింట్లో ఉంది. ఒకరోజు 'పాలు ఎర్రగా కాగే చోటు, రెండు గళ్ళు' అని వచ్చింది. నేను పొయ్యి అన్నాను, కుదరలేదు. కుంపటి మూడు గళ్ళు. ఆవిడ పప్పు రుబ్బుతూనే "దాలి" అంది. పిడకల నిప్పు మీద పాలకుండ పెట్టి సాయంత్రం దాకా కాచే గుంట. చిక్కం, ఉట్టి, కవ్వం, అన్నీ ఆవిడ ఖాతావే. కళ్ళకి శుక్లాల ఆపరేషను అయ్యాక నెల రోజులు ఆవిడ పేపరు చదవకూడదన్నారు. నేను ఆధారాలు పైకి చదివేవాణ్ణి, ఆవిడ కళ్ళు మూసుకుని చెప్పేది. ఆ నెలలో మేం మాట్లాడుకున్నంత పెళ్ళయిన కొత్తలో కూడా మాట్లాడుకోలేదు. అప్పట్లో జమాబందీ పని తెమిలేది కాదు.

ఇప్పుడు కాస్త బరువైన సంగతి ఒకటి చెప్పాలి. మన సభ్యుడొకాయన, ఇక్కడ చాలామందికి తెలిసినవాడే, పేరు చెప్పొద్దన్నాడు గనుక చెప్పను. ఆయనా నేనూ 1973లో ఒకే నెలలో ఉద్యోగంలో చేరాం. చుట్టరికం లేకపోయినా "బావా" అంటే "బావా" అనుకునేవాళ్ళం. కచేరీలో ఆయన నోటికి ఎదురులేదు. ఆడిట్‌వాళ్ళు అభ్యంతరం రాస్తే, ఆయన సమాధానం చదివి వాళ్ళే నవ్వుకుని కొట్టేసేవారు. రెండేళ్ళ క్రితం ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి లాగేసింది, మాట పడిపోయింది.

మాట పడిపోవడమంటే నోరు రాకపోవడం అనుకునేవాణ్ణి నేను. అది కాదు. మనం చెప్పేది ఆయనకి తెలుస్తోంది. తాళంచెవి చూపిస్తే అదేమిటో తెలుసు, తలుపు వైపు చూపిస్తాడు. పేరు మాత్రం రాదు. లోపల బీరువా అలాగే ఉంది, తలుపు తెరుచుకోవడం లేదు. అంత మాటకారి "అ... అ..." అని ఆగిపోయి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఎదురుగా కూర్చోలేకపోయేవాళ్ళం. వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఏం మాట్లాడాలో తెలియక మొహం చాటేశారు. అది తప్పని అనను, మనుషులకి ఇబ్బందిగా ఉంటుంది.

మాటలు నేర్పే ఆవిడ ఒకరు వారానికి రెండుసార్లు వచ్చేవారు. ఒకరోజు నేనక్కడ ఉన్నాను. ఆవిడ తాళంచెవి చూపించి, ఆయనకి రాకపోతే, మొదటి అక్షరం మాత్రం అందించారు, "తా..." అని. ఆయన "తాళం" అన్నాడు! నేను కుర్చీలోంచి లేచాను. ఇది నాకు తెలిసిన ఆటే. నిలువు మాట వల్ల మొదటి గడి నిండితే అడ్డం మాట దానంతటదే తడుతుంది కదా, అచ్చం అలాగే. ఆవిడని అడిగాను, "అమ్మా, పేపర్లో గళ్ళు వాడవచ్చా?" అని. తేలికవి అయితే, ఆయన్ని విసిగించకుండా అయితే, తప్పకుండా అన్నారు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం మూడింటికి నా డ్యూటీ అక్కడ. పేపర్లోవి కష్టం గనుక నేనే చిన్నవి గీసేవాణ్ణి, మూడు గళ్ళ మాటలతో. ఆధారం చదివి, రాకపోతే మొదటి అక్షరం, ఇంకా రాకపోతే రెండోది. ఎడమచేత్తో ఆయన రాసేవాడు. మొదట్లో ఒక్క మాటకి పావుగంట పట్టేది. వదినగారు కాఫీ తెచ్చి పక్కన నిలబడి, జవాబు తెలిసినా నోరు కుట్టేసుకుని ఉండేవారు. అంత ఓర్పు నేను ఎక్కడా చూడలేదు. ఒక్కోరోజు ఒక్క మాటా వచ్చేది కాదు. ఆయన పేపరు విసిరేసేవాడు, నేను మడతపెట్టి రేపు వస్తానని చెప్పి వచ్చేసేవాణ్ణి.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక సాయంత్రం నేనూ వదినగారూ కరువు భత్యం సంగతి ఏదో చెప్పుకుంటున్నాం. మంచం మీద నుంచి, ఎవరూ అందించకుండా, స్పష్టంగా ఒక మాట వినిపించింది: "బకాయి!"

మేమిద్దరం తిరిగి చూశాం. ఆయన నవ్వుతున్నాడు. వదినగారు ఏడుస్తున్నారు. నాకు రెండూ వచ్చాయి. మా మనిషి తిరిగొచ్చాడు, వస్తూ వస్తూ అసలు మాటే పట్టుకొచ్చాడు అనుకున్నాను. ఇప్పుడు ఆయన చిన్న చిన్న వాక్యాలు మాట్లాడతాడు. తడబాటు ఉంది. పాత ధాటి రాలేదు, వస్తుందో లేదో వైద్యులు కూడా చెప్పలేదు. కానీ నేను వెళ్ళేసరికి "ఏం బావా, ఆలస్యం?" అంటాడు. అది చాలు నాకు.

గళ్ళు పూరిస్తే పక్షవాతం నయమవుతుందని నేను అనడం లేదు. మతిమరుపు రాదని కూడా హామీ ఇవ్వను. ఆ నయమైనది వైద్యంతో, ఆ మాటలు నేర్పిన ఆవిడ శ్రమతో, వదినగారి ఓర్పుతో. నేను చెప్పేది ఒక్కటే. మాట పోయిన మనిషి దగ్గరకి వెళ్ళడానికి మనకి ఏదో ఒక సాకు కావాలి. ఉత్తినే కూర్చుంటే ఇబ్బంది. చేతిలో గళ్ళ కాగితం ఉంటే పని ఉన్నట్టుంటుంది. మన సంఘంలో మంచం పట్టినవారు, జోడీ పోయి ఒంటరిగా మిగిలినవారు, పిల్లలు పైదేశాల్లో ఉండి రోజంతా గోడలతో మాట్లాడుకునేవారు ఎంతమంది ఉన్నారో కార్యదర్శిగారి దగ్గర లెక్క ఉంది. వారి ఇంటి తలుపు తట్టడానికి ఒక ఆధారం చాలు. "ఏడు అడ్డం రావడం లేదండీ, మీకు తెలుసేమోనని వచ్చాను" అనండి. ఎవరూ పొమ్మనరు. సాయం చేయడానికి వచ్చామంటే మనిషి చిన్నబుచ్చుకుంటాడు, సాయం అడగడానికి వచ్చామంటే కుర్చీ వేస్తాడు.

రెండో మనవి. మనలో రెవిన్యూవాళ్ళున్నారు, ఇరిగేషన్‌వాళ్ళున్నారు, రిజిస్ట్రేషనూ ట్రెజరీ పోలీసు శాఖలవాళ్ళున్నారు, బడిపంతుళ్ళున్నారు. ప్రతి శాఖకీ దాని మాటలున్నాయి. 1984లో కరణాల వ్యవస్థ పోయింది, ఆ మాటలు సగం పోయాయి. కంప్యూటరు వచ్చింది, మిగిలిన సగం పోతున్నాయి. వ్యవసాయపు మాటల్ని భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరా సేకరింపజేసి, వృత్తిపదకోశం మొదటి సంపుటంగా 1962లో తెచ్చారు. మన కచేరీ మాటల్ని ఎవరు సేకరిస్తారు? బ్రౌను మళ్ళీ రాడు. ఒక్కొక్కరూ ఒక నోటుబుక్కు తీసుకుని, రోజుకి రెండు మాటలు, అర్థంతో, ఎక్కడ వాడేవాళ్ళమో ఒక్క వాక్యంతో రాయండి. ఇంట్లో ఆడవారిని కూడా అడగండి, వారి ఖాతా మనకంటే పెద్దది. నెలకోసారి మన వార్తాపత్రికలో ఒక పేజీ వేద్దాం. దాని పక్కనే ఒక గడి వేద్దాం, కూర్చే పని నేను చేస్తాను. బహుమతి వెయ్యి రూపాయలకి చాలా లోపే ఉంటుంది గనుక చట్టంతో పేచీ లేదు. కోశాధికారిగారు ఇప్పటికే తల అడ్డంగా ఊపుతున్నారు. ఆయనకి మొదటినుంచీ నిలువు కంటే అడ్డమే ఇష్టం.

వంటల వాసన వస్తోంది. ఇక నేను మాట్లాడితే పులుసు చల్లారుతుంది.  భోజనాలయ్యాక ఆ మూడు గళ్ళ మాట, ఎటునుంచి చూసినా ఒకటే అయినది, అందరికీ హాయిగా రావాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.